మూడు పిస్తోళ్లు, ఒక ఇఖామా

నా ముచ్చట్లలో రూపాయికి బారాణ అబద్ధమని మా ఊర్లో అందరికీ ఎరుకే. రియాద్‌లో రాజుగారి ఆయుధాగారానికి పెద్ద అధికారిని నేనేనని పదేండ్లు నమ్మించిన. సెలవు మీద వచ్చినప్పుడల్లా చాయ్ హోటల్ కాడ కూసోని, దంతపు పిడి పిస్తోలుతో పరిగెత్తే ఒంటె ముక్కుతాడును తెంపిన సంగతి చెప్పేటోన్ని. ఒంటెకు దెబ్బ తాకలేదా అని ఎవరన్నా అడిగితే, తాకలేదు, మెచ్చుకోని తల ఊపిందని చెప్పేటోన్ని. పాస్‌పోర్టు చేయించుకోని ఏజెంటు చుట్టూ తిరుగుతున్న తమ్ముల్లారా, మీరు గూడ ఆ కథ వినే ఉంటరు. ఇప్పుడు రాసేది మిగిలిన చారాణ నిజం. దీంట్లో ఒంటె లేదు.

నేను పనిచేసింది బతా బజారు వెనుక సందులో ఉన్న ఒక చిన్న దుకాణంలో. ముందు అమ్మకం గది, వెనుక కార్ఖానా. పాతకాలపు తీరు పిస్తోళ్లను బాగుచేసి, మెరుగుపెట్టి, పిడులు మార్చి ఇచ్చేటోళ్లం. వాటిలో ఒక్కటీ పేలేది కాదు. మా దగ్గరికి రాకముందే గొట్టంలో సీసం పోసి మూసేసేటోళ్లు. అరబ్బుల ఇండ్లలో వచ్చినోళ్లను కూసోబెట్టే పెద్దగదిని మజ్లిస్ అంటరు. ఆ గది గోడకు రెండు కత్తులు, ఒక పిస్తోలు వేలాడితేనే ఇంటికి నిండుదనం అనుకునే పెద్దమనుషులే మా గిరాకి.

కరీంనగర్‌లో మోటారు సైకిల్ సామాన్లకు నికెల్ పూత వేసే కార్ఖానాలో చేయి తిరిగినోన్ని కాబట్టి పూత పని నాది. ఇనుముకు మేం మూడు వన్నెలు పట్టిస్తుంటిమి. ఒకటి నలుపు. ఉత్త నలుపు కాదు, నీడలో కాకి రెక్క, ఎండలో వంకాయ. అది మంచిగ కుదిరితే పిస్తోలు బరువు పెరిగినట్టు అనిపిస్తది. రెండోది నికెల్. తెల్లగ, తళతళ, పెండ్లికొడుకు కొత్త బూట్ల తీరు. కుర్రకారు అదే అడిగేటోళ్లు. వేలు తాకితే ముద్ర పడుతది, తుడువకుంటే ముద్ర ఉండిపోతది. మూడోది ఎర్రమట్టి రంగు. తుప్పును మచ్చిక చేసి పట్టించే వన్నె. పట్టనియ్యాలె, తుడువాలె, మళ్లీ పట్టనియ్యాలె, వారం రోజులు ఓపిక ఉండాలె. ఎడారిలో పుట్టి పెరిగిన ముసలోళ్లు దాన్ని చూసి ముక్కు దగ్గర పెట్టుకోని వాసన చూసేటోళ్లు. నన్నడిగితే నలుపే నలుపు. ఎర్రమట్టి రంగు ముసలితనాన్ని దాచదు, నికెల్ ఏదీ దాచదు, నలుపు ఒక్కటే మర్యాదగ అన్నీ దాస్తది.

గురి చూసే ఏర్పాటు రెండు ముక్కలు. వెనుక ఒక చిన్న గాడి, ముందు గొట్టం కొసన గింజంత బొడిపె. ఆ బొడిపెను మాతో పనిచేసిన పఠాన్ మక్ఖీ అనేటోడు. మక్ఖీ అంటే ఈగ. వెనుక గాడి నడుమ ఈగ సరిగ్గ వాలినట్టు కనబడితే గురి సూటి. సన్న ఈగ వయసు కండ్లకు. ఇత్తడి గింజ పెట్టిన లావు ఈగ చత్వారం వచ్చినోళ్లకు. గాడి వెడల్పుంటే రెండు పక్కల వెలుతురు ఆడి త్వరగ కనబడుతది. ఇరుకుంటే చక్కగ కనబడుతది గాని కన్ను గుంజుతది. పేలని పిస్తోలుకు గురి ఎందుకు అని నేను చేరిన కొత్తల అడిగిన. పఠాన్ నన్ను పైనుంచి కిందికి చూసి, "మీ ఇంట్ల గోడ మీద ఫోటో వంకర పెడ్తవా?" అన్నడు.

ఇక పిడి. పిడులు చేసేటాయన మా జిల్లా పక్కనే, నిర్మల్ దిక్కు మనిషి. కొయ్యబొమ్మలు చేసే ఇంటోడు. నాకంటే ఏడెనిమిదేండ్లు పెద్ద, నాకు అన్న. ఆయన చేతిలో అక్రోటు చెక్క పెసరపిండి ముద్ద తీరు మెత్తబడేది. పిడి మీద గళ్లు చెక్కితే ఒక్కో గడి నువ్వుగింజంత, ఒక్కటీ తప్పిపోయేది కాదు. కొమ్ము పిడి చేతికి చల్లగ ఉంటది, ఎముక పిడి జారుతది, చెక్క పిడి చేతి వేడిని పట్టి మనిషితోని ముచ్చట పెడతది అనేటోడు.

"పూత కంటికి తమ్మీ, పిడి అరచేతికి. కన్ను మోసపోతది, అరచెయ్యి మోసపోదు."

"మరి నా పూతకు ఇలువ లేదా అన్నా?"

"ఎందుకు లేదు. పిడి చూసేటోనికి మొదలు పూత కనబడాలె గదా, పిలిచేటోడు ఒకడుండాలె."

మా కఫీల్, అంటే దుకాణం యజమాని, ఒక పద్ధతి నడుపుతుండె. వాళ్ల తండ్రి కాలం నుంచి వస్తున్నదట. పిస్తోలు గిరాకి చేతికి పోయేముందు ఆఖరి మాట పిడి మిస్త్రీది. గిరాకి కండ్ల ముందే దాన్ని పిడికిట పట్టుకోని, చేయి చాపి, గురి చూసి, "తమామ్" అనాలె. అంటే అంతా బాగుంది అని. పిడి సరిగ్గ కూసోకుంటే మణికట్టు తిరుగుతది, మణికట్టు తిరిగితే ఈగ గాడిలోకి రాదు. కాబట్టి పిడి చేసినోడే గురికి జవాబుదారి. అన్న "తమామ్" అంటే పెద్ద పెద్దోళ్లు గూడ మళ్లీ చూసుకోకుండ గుడ్డలో చుట్టుకోని పోయేటోళ్లు.

ఒకరోజు నేను చాయ్ తెచ్చి ఆయన పక్కన స్టూలు మీద పెట్టిన. ఆయన చెయ్యి గ్లాసుకు జానెడు అవతల వెతికింది.

"అన్నా, గ్లాసు ఇటున్నది."

"ఎరుకే. ఆడ ఇంకోటి ఉన్నదేమోనని చూస్తున్న."

"ఇంకోటి ఎవడు పోసిండు, మన కఫీలా?"

నవ్విండు. నవ్వి, "తలుపు దగ్గరికెయ్" అన్నడు.

కండ్లలో నీటికాసులట. ఆస్పత్రిలో చూపిచ్చుకునే సరికే ఆలస్యమైంది. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టడానికి చుక్కలు ఇచ్చిండ్రు. చుట్టుపక్కలంతా పోయి, నడుమ రూపాయి బిళ్లంత మిగిలింది. అది గూడ పొగలో నుంచి చూసినట్టు. అప్పటికే ఏడాదిగ గళ్లన్నీ వేలికొసతోటే చెక్కుతున్నడు. గురి మాత్రం వేలికి అందదు గదా. అదొక్కటే భయం.

"ఇంటికి పోరాదే అన్నా?"

"పోతే ఏముంటది? ఇంటికాడ నేను గుడ్డోన్ని. ఈడ మిస్త్రీని." ఉలిని గుడ్డతో తుడిచి, తడిమి, దాని చోట్లోనే పెట్టిండు. "ఆడ మంచంల కూసోబెట్టి చెయ్యి పట్టుకోని తిప్పుతరు. ఈడ నా చెయ్యి ఇంకా ఎవడూ పట్టుకోలె."

ఆ రోజు నుంచి ఆయన కండ్లు నేనైన. ఆ మిగిలిన బిళ్లంత చూపు గూడ రానురాను పోయింది. పిడి బిగించినంక ఈగను నేనే చూసి, గాడి నడుమకు వచ్చేటట్టు ఇత్తడి సుత్తితో మెల్లగ జరిపి సూటి చేసేటోన్ని. ఆయన గిరాకి ముందు చేయి చాపినప్పుడు భుజం వెనుక పాలిష్ డబ్బా పట్టుకోని నిలబడేటోన్ని. ఏదన్నా తేడా ఉంటే డబ్బా మీద వేలితో తట్టుడు. ఎడమకు ఒరిగితే ఒక్కటి. కుడికి ఒరిగితే రెండు. సూటిగ ఉంటే ఏమీ లేదు. తట్టే అవసరం ఏడాదిలో రెండు మూడు సార్లే వచ్చింది. తట్టంగనే అన్న మొహం చిట్లించి, "పిడి ఇంక జర కూసోవాలె, రేపు రమ్మను" అనేటోడు. గిరాకి ఆయన నియ్యతుకు మెచ్చుకునేటోడు.

అంతటితో ఊరుకుంటే నేను నేనెట్లయిత? ఒకనాడు ఒక గిరాకి కార్ఖానాలోకి తొంగిచూసి, అన్న తల పైకెత్తి, కండ్లు ఇంటికప్పు దిక్కు పెట్టి గళ్లు చెక్కుతుంటే ఆశ్చర్యపోయిండు. ఇదేందని నన్నడిగిండు. నా నోట్లె నాలుక ఊరుకోలె. "వీళ్ల వంశంలో ఏడు తరాల నుంచి కండ్లు మూసుకునే చెక్కుతరు. కండ్లు తెరిచి చెక్కితే చెక్క సిగ్గుపడి పగులుతది" అన్న. కఫీల్ విన్నడు. ఆయనకు మస్తు నచ్చింది. నెల తిరిగేసరికి అన్నను చూడడానికే మనుషులు రావట్టిరి.

"మా నాయన వింటే నిన్ను ఉలితోటి పొడుస్తుండె," అన్నడు అన్న. "ఏడు తరాలెక్కడివిరా? మా తాత ఎవరి పొలంలనో జీతముండె."

"ఇప్పుడు నువ్వు కండ్లు మూసుకున్నా అడిగేటోడు లేడు. మంచిదే గదా?"

"మంచిదే," అన్నడు. "గాని అందరు నన్నే చూస్తున్నరు తమ్మీ. ఇంతకుముందు పిస్తోలును చూసేటోళ్లు."

నాకప్పుడు అర్థం కాలె.

అవి నితాఖత్ రోజులు. సర్కారు ప్రతి కంపెనీకి, దుకాణానికి ఒక రంగు ఇచ్చింది. తమ దేశపోళ్లను పనిలో పెట్టుకున్నోళ్లకు పచ్చ, పెట్టుకోనోళ్లకు ఎరుపు. ఎరుపు పడితే మా అసొంటోళ్ల ఇఖామా, అంటే అక్కడ ఉండి పనిచేసుకునే కార్డు, కొత్తగ రాసియ్యరు. మా కఫీల్ బామ్మర్దిని తెచ్చి గల్లా కాడ కూసోబెట్టిండు. మంచి మనిషి, ఎవ్వరి జోలికీ పోడు, ఫోన్ జోలికే పోయేటోడు. రంగు మారింది, ఊపిరి పీల్చుకున్నం. తర్వాత లెవీలు వచ్చినయి. పనిచేసే ప్రతి పరాయి దేశపోని తలకు ఇంత పన్ను అని. అవి పెరుగుతనే ఉండె. పఠాన్ ముందే వాసన పట్టి, యాన్బులో ఒక కంపెనీకి కఫాలా, అంటే కఫీల్ కాగితం, మార్పించుకోని పోయిండు. నన్ను గూడ రమ్మన్నడు. రాజుగారి ఆయుధాగారం విడిచి పైపులకు రంగు వేయడానికి పోయిండని ఊర్లో తెలిస్తే ఏముంటది? పోలేదు.

ఒక మధ్యాహ్నం కఫీల్ మా ఇద్దరిని ముందర గదిలోకి పిలిచిండు. ఖర్జూరాలు ముందర పెట్టిండు. ఖర్జూరాలు పెట్టి పిలిస్తే ఏదో ఉందని మాకు ఎరుకే.

"మీరు ఇద్దరు నాకు రెండు చేతులు," అన్నడు తన ఉర్దూ కలిసిన అరబ్బీలో. "ఈసారి నేను ఒక్క ఇఖామా మాత్రమే తిరగరాయగలుగుత. ఎవరిది అని నన్నడగకుండ్రి. నాకు తెల్వది. గురువారం నాడు మా నాయన దోస్తు వస్తున్నడు, ఫౌజ్‌లో పెద్ద అధికారిగ చేసి దిగిపోయిండు. మజ్లిస్ గోడకు పిస్తోలు కావాల్నట. మూడు తీర్లవి తయారు చేసి పెట్టుండ్రి. ఆయనకు పనితనం ఎరుకే. ఆయన ఎవరి పని గొప్పదంటే వాళ్లు ఉంటరు. ఇంకొకరికి ఖురూజ్ కొట్టిస్త."

ఖురూజ్ అంటే మళ్లీ రాకుండ పోవుడు. ఫైనల్ ఎగ్జిట్.

బయటికి వచ్చినంక నేనే ముందుగ, "నాకేంది అన్నా, నేను పోత. కఫీల్‌కు రేపే చెప్త. నువ్వుండు" అన్న. ఎంత బాగ అన్నానంటే నాకే కండ్లలో నీళ్లు తిరిగినయి.

"ఉట్టిగ అంటున్నవా?"

"ఒట్టు."

"నాకు ఉండాలనే ఉన్నది తమ్మీ," అన్నడు. "అబద్ధమెందుకు. నువ్వు పోతే నీకు నొప్పైతదని ఎరుకే, అయినా ఉండాలనే ఉన్నది."

మరునాడు కఫీల్‌కు చెప్పలె. దాని మరునాడు చెప్పలె. చెప్దామని పోయి, బఫింగ్ చక్రానికి కొత్త బట్ట కావాలని అడిగి వచ్చిన. పోతే ఊర్లో చాయ్ హోటల్ కాడ ఏం చెప్పాలె? రాజుగారు పనిలో నుంచి తీసేసిండని చెప్పాల్నా? నవ్వకుండ్రి తమ్ముల్లారా. అన్నకు పోయేది ఆయన చేయి. నాకు పోయేది నేను పుట్టించిన ఒక మనిషి. నాకు వాడే ఎక్కువైండు.

గురువారం పొద్దుగాల పాత ఫౌజీ వచ్చిండు. పొడుగు మనిషి, కుడి కాలు కొంచెం ఈడుస్తడు, తెల్ల గడ్డం పొట్టిగ కత్తిరించుకున్నడు. బల్ల మీద పచ్చ గుడ్డ పరిచి మూడు పిస్తోళ్లు పెట్టినం. మూడూ ఒక్క అచ్చులో పోసినవే, పాత తీరువి. మొదటిది నల్ల వన్నె, గళ్లు చెక్కిన అక్రోటు పిడి, సన్న ఈగ. రెండోది నికెల్, నునుపు ఎముక పిడి, ఇత్తడి గింజ ఈగ. మూడోది ఎర్రమట్టి రంగు, వంపు తిరిగిన నల్ల కొమ్ము పిడి, వెడల్పు గాడి, లావు ఈగ.

ఆయన నికెల్‌దాన్ని మొదలు ఎత్తిండు. తిప్పిండు. మొహం చూసుకున్నడు.

"దీంట్ల గడ్డం గీసుకోవచ్చు," అన్నడు.

కఫీల్ నవ్విండు. నేను గూడ నవ్విన.

"ఎముక అందంగుంది. చెమట పట్టిన చేతిలో సబ్బు ముక్క ఐతది." కింద పెట్టిండు. నల్లదాన్ని ఎత్తి కిటికీ దగ్గరికి పోయి ఎండలో పట్టిండు. చాలాసేపు చూసిండు. "ఈ నలుపు ఎవరిది?"

"నాది శేఖ్," అని నేనే చెప్పిన.

"మా నాయన నడుముకు ఉన్నది ఇట్లనే ఉండె. ఇరవై ఏండ్ల సంది ఇసొంటి నలుపు నాకు కనబడలె." పిడిని బొటనవేలితో రాసిండు. "ఈ గళ్లు ఎవరివి?"

అన్న చేయెత్తిండు.

ఫౌజీ ఆయనను చూసి, "ఓహో, కండ్లు మూసుకోని చెక్కేటాయన నువ్వేనా? రియాద్ అంతా చెప్పుకుంటున్నరు" అన్నడు.

"చెప్పుకోనియ్యుండ్రి శేఖ్," అన్నడు అన్న.

ఫౌజీ ఎర్రదాన్ని పట్టుకోని కదలలె. కొమ్ము పిడి ఆయన పిడికిట్లో పోయి కూసున్నది, చేయి దానంతట అదే లేచి గోడ దిక్కు సాగింది. "ఇది నన్ను పట్టుకున్నది," అన్నడు మెల్లగ. "నేను దీన్ని కాదు." అన్న మొహంలో వెలుగు చూసిన. నాకు ఎరుకైంది, నా నలుపు ఓడిపోయింది. అప్పుడు నేను మొదటిసారి నా ఇఖామా కార్డును జేబులో తడుముకున్న.

కఫీల్ అన్నను, "చేతులు కడుక్కోని రా, ముగ్గురికీ తమామ్ చెప్పు" అన్నడు. పిస్తోళ్లను ఆయన మనుషుల లెక్కే పిలిచేటోడు. అన్న నల్లా దగ్గరికి పోయిండు. కఫీల్ ఖహ్వా, అంటే వాళ్ల కాఫీ, తెప్పియ్యడానికి బామ్మర్దిని లేపబోయిండు. గదిలో నేను, ఫౌజీ మిగిలినం. ఆయన నా దిక్కు చూసి, బల్ల మీది ఇత్తడి సుత్తి తీసుకోని, ఎర్రదాని ఈగను ఒక్క దెబ్బ తట్టిండు. ఈగ గొట్టం కొసన జొన్నగింజంత ఎడమకు జరిగింది. చూపున్న ఎవడన్నా చెప్పగలిగేటంత. పెదవుల మీద వేలు పెట్టుకోని నాకు కన్ను కొట్టిండు. చెడ్డతనం కాదు అది. మిస్త్రీ పట్టుకుంటడని, పట్టుకుంటే అందరం నవ్వుకుంటమని ఆయన ఆశ. పనితనాన్ని మెచ్చుకోవడానికి ఒక సందు ఇచ్చిండు.

అన్న వచ్చిండు. నేను ఆయన భుజం వెనుక, పాలిష్ డబ్బా పట్టుకోని, రోజటి చోట్లోనే నిలబడ్డ.

నికెల్‌ది ఎత్తిండు. చేయి చాపిండు. ఒక్క క్షణం చెవి పెట్టిండు. కన్ను కాదు, చెవి. అది నాకొక్కనికే ఎరుక. డబ్బా మోగలె. సూటిగనే ఉండె. "తమామ్."

నల్లది ఎత్తిండు. డబ్బా మోగలె. "తమామ్."

ఎర్రది ఎత్తిండు.

అక్కడి నుంచి చూస్తే ఈగ గాడి ఎడమ అంచుకు ఆనుకోని ఉన్నది. నా చూపుడు వేలు డబ్బా మూత మీదనే ఉన్నది. ఒక్కసారి తట్టాలె. అంతే. తడితే అన్న మొహం చిట్లించి "దీని ఈగను ఎవడో కదిలిచ్చిండు" అంటడు, ఫౌజీ చప్పట్లు కొడతడు, కఫీల్ పొంగిపోతడు, అన్న ఉంటడు. ఎంతసేపు పట్టింది అంటే నేను చెప్పలేను. ఈగ ఎగిరిపోతదేమో అన్నట్టు దాన్నే చూస్తున్న. వేలు లేవలె. బలవంతంగ ఆపుకున్న అని గూడ చెప్పలేను. లేపలేదు, అంతే. సూటిగ ఉంటే ఏమీ లేదు అని మేం చేసుకున్న ఒప్పందమే గదా, నోరు తెరిచి నేను అబద్ధం గూడ ఆడలేదు.

"తమామ్," అన్నడు అన్న.

ఫౌజీ ముందు నవ్విండు. "మళ్లీ చూడు మిస్త్రీ."

అన్న మళ్లీ చేయి చాపిండు. ఈసారి చాలాసేపు చెవి పెట్టిండు. "తమామ్ శేఖ్. సూటిగున్నది."

ఫౌజీ నవ్వు ఆగింది. ఆయన లేచి వచ్చి అన్న మొహం ముందర, జానెడు దూరంలో, అరచేయి అటూ ఇటూ ఆడిచ్చిండు. అన్న కండ్లు కదలలె. మనుషులు ఊరుకున్న తీరును బట్టే అన్నకు అర్థమైంది. పిస్తోలును తడిమి తడిమి గుడ్డ మీద పెట్టిండు.

"మాఫీ నజర్, శేఖ్," అన్నడు. చూపు లేదు.

కఫీల్ మొహం తెల్లబడ్డది. "ఎన్ని రోజుల నుంచి?"

"ఏడాది దాటింది."

కఫీల్ నా దిక్కు తిరిగిండు. "నీకు ఎరుకేనా?"

పదేండ్లలో ఎన్నో చెప్పిన, ఒంటెను తల ఊపిచ్చిన. ఆ రోజు చెప్పింది రెండే మాటలు. "లేదు శేఖ్."

అన్న వెంటనే, "వానికి తెల్వది శేఖ్. నేనెవ్వరికీ చెప్పలె" అన్నడు.

ఫౌజీ ఎర్రదాన్నే తీసుకున్నడు. గుడ్డలో చుట్టుకుంటూ, "నేను చేసింది తప్పు" అని కఫీల్‌తో అన్నడు. కఫీల్ ఏడ్చిండు గూడ. గాని లెవీ కాగితం ఏడుపును చూడదు. ఇరవై రోజుల్లో ఖురూజ్ పడ్డది.

పోయే రోజు టాక్సీ సందులోకి రాదని పెద్ద రోడ్డు దాక ఆయన సంచి మోసిన. చెయ్యి పట్టుకోబోతే విడిపిచ్చుకున్నడు. నా భుజం మీద రెండు వేళ్లు మాత్రం ఆనించి నడిచిండు. బతాలో శుక్రవారం సందడి. ఆయన వేళ్లు నా భుజం మీద ఎంత తేలికగున్నయో ఇప్పటికీ ఎరుకే. టాక్సీ కాడ ఆగి అన్నడు:

"తమ్మీ, ఒక్కటి అడగాలె. ఆ ఈగ ఎటు జరిగుండె?"

"ఎడమకు."

"మరి నువ్వు తట్టలె."

నేను నోరు తెరిచిన. ఏమొచ్చేదో నాకు తెల్వదు, నిజమే వచ్చేదేమో. ఆయన రానియ్యలె.

"నీకు గూడ సూటిగనే కనబడ్డది గదా?" అన్నడు. గొంతు తగ్గించి, పక్కనోళ్లు వినకుండ. "అదే నా భయం. ఆసిడ్ తొట్టి కాడ నిలబడి నిలబడి నీ కండ్లు గూడ పోతున్నయిరా. నాకూ మొదలు గట్లనే ఉండె, ఎడమ కుడి కలిసిపోయేది. చూపిచ్చుకో తమ్మీ. నా లెక్క ఆలస్యం చెయ్యకు."

ఆయన నిజంగ నమ్మిండో, నాకు నిలబడడానికి ఒక చోటు చూపెట్టిండో నేను కనిపెట్టలేకపోయిన. ఏది మాటో ఏది సాకో ఎదుటోని గొంతులో పట్టే తెలివి నాకెప్పుడో పోయింది. చూపిస్తే అక్కడ నిలబడుడు మాత్రం నాకు బాగ వచ్చు.

"అవునన్నా," అన్న. "కొంచెం మసకగనే ఉంటున్నది."

తర్వాత సంగతి చిన్నది. నాకు ఇఖామా వచ్చింది. పిడులు చేసేటోడు లేడు, కఫీల్ ఎక్కడి నుంచో ప్లాస్టిక్ పిడులు తెప్పిచ్చిండు. నా నలుపు ప్లాస్టిక్ పక్కన వెలవెలబోయింది. పాత గిరాకి వచ్చి, చేతిలోకి తీసుకోని, పెట్టేసి పోయేటోళ్లు. ఏడాది తిరగకముందే దుకాణానికి తాళం పడ్డది, నాకూ ఖురూజే. ఊర్లో అడిగితే రాజుగారు బంగారు పతకం ఇచ్చి సాగనంపిండని చెప్పిన. పతకం చూపియ్యమంటే విమానంలో పోయిందన్న.

అన్న ఊరు మా ఊరికి బస్సులో మూడు గంటల తోవ. నేను పోలేదు. పోతే ఆయన ఇంటామె ఉంటది, కొడుకులుంటరు, వాళ్లకు చూపుంది. నేను బస్సు దిగి గల్లీలో బురద తప్పించుకుంట నడిచి వచ్చుడు చూస్తరు. అందుకే ఫోన్‌లోనే. పదిహేను రోజులకొకసారి ఆయనే చేస్తడు, మొదలు అడిగేది నా కండ్ల గురించే.

"దీపం చుట్టూ రంగులు కనబడుతున్నయా?"

"కనబడుతున్నయన్నా."

"చుక్కలు ఏస్తున్నవా?"

"ఏస్తున్న."

మొదటి ఏడాది మసకగున్నదని చెప్పిన. రెండో ఏడాది ఎడమ కన్ను పోయిందని చెప్పిన. చెప్పక తప్పలె. నా జబ్బు ముదరకుంటే ఆయనకు అనుమానం, ముదిరితే ఆయనకు దుఃఖం. జగిత్యాలలో కండ్ల డాక్టరు దగ్గరికి పోయి నిజంగనే చూపిచ్చుకున్న, ఏమన్నా ఉంటే బాగుండునని. చత్వారం తప్ప ఏం లేదన్నడు, ఈ వయసుకు నీ కండ్లు గట్టివి అన్నడు.

మొన్న అడిగిండు, "ఇప్పుడు ఎంత మటుకు ఉన్నది తమ్మీ?"

"రూపాయి బిళ్లంత," అని చెప్పిన.

అన్న గొంతు సవరించుకోని, పాఠం చెప్పినట్టు చెప్పిండు. "ఇగో విను. అది గూడ పోయేదాక ఆగకు. ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలె. రోజుకు ఒక్క పూట కండ్లు మూసుకోని తిను. అన్నం నడుమ పెట్టిచ్చుకో, కూర కుడి దిక్కు, నీళ్లు ఎడమ దిక్కు. ఇంటోళ్లకు చెప్పు, ఎప్పటికీ చోటు మార్చొద్దని. గడపలు లెక్కపెట్టుకో. సిగ్గుపడకు. నేనున్న గదా, ఏది తోచకున్నా ఫోన్ చెయ్యి. నువ్వు నాకు ఏడాది చూసి పెట్టినవు."

ఆ పగలు అన్నం ముందర పెట్టుకోని, ఆయన చెప్పినట్టే కండ్లు మూసుకున్న. చెయ్యి చాపితే కూర గిన్నె దొరకలె. కుడి దిక్కే పెట్టుకున్న, నా చేతితో నేనే పెట్టుకున్న. పళ్లెం అంచు తగిలింది, చాప తగిలింది, గిన్నె తగలలె. కండ్లు తెరిస్తే ఎదురుంగనే కనబడుతది. తెరువలె.